గోడ మీద బొగ్గు గీతలు

రొమ్ము ఆపరేషన్ అయ్యాక చెయ్యి పైకెత్తడానికి ఒక రైతు ఇల్లాలు పడ్డ పాట్లు

మా అక్క ఇంటి వసారా గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు ఇరవై దాకా ఉన్నాయి. అడుగు గీత భుజం ఎత్తున ఉంది. పై గీత దూలానికి జానెడు కింద ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు పిల్లల ఎత్తు కొలిచిన గీతలనుకుంటారు. అవి పిల్లల ఎత్తు కాదు. అక్క కుడిచెయ్యి ఏ రోజు ఎంత పైకి లేచిందో చెప్పే లెక్క. తొమ్మిదో తరగతి చదువుతున్న మేనకోడలు రోజూ సాయంత్రం బొగ్గుముక్క పట్టుకుని గీసేది.

2023 ఆగస్టులో అక్కకు రొమ్ము కేన్సర్ ఆపరేషన్ అయింది. కుడి రొమ్ము తీసేసి, అదే పూట వీపు కండతో మళ్లీ రొమ్ము కట్టారు. ఆ తర్వాత కోలుకోవడం ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియక చేసిన తప్పులూ ఉన్నాయి. ఇంకొకరికి పనికొస్తుందంటే రాయమంది. పేరూ ఊరూ మాత్రం వద్దంది.

రొమ్ము అనే మాట పత్రికలో రాయడానికి నాకే మొదట కలం సాగలేదు. ఈ సిగ్గే అక్కకు మూడు నెలలు మింగేసింది. 2022 దసరా రోజుల్లో స్నానం చేస్తుంటే శనగగింజంత గట్టిగా చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు గదా అని ఊరుకుంది. సంక్రాంతి వెళ్లేసరికి రేగిపండంత అయింది, చంకలోనూ బిళ్లలు తగిలాయి. అప్పుడు మా ఆవిడతో చెప్పింది. బావతో గాని నాతో గాని చెప్పలేదు. ఈ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదని, అసలు ప్రమాదమంతా అందులోనే ఉందని తర్వాత డాక్టరుగారు చెప్పారు. అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే మన దేశంలో సుమారు 1 లక్షా 92 వేల మంది స్త్రీలకు కొత్తగా ఈ జబ్బు బయటపడింది. 98 వేల మందికి పైగా చనిపోయారు.

చంకలో బిళ్లలు ఉన్నాయి కనుక ముందు కీమో మందు ఎక్కించి గడ్డను చిన్నది చేశారు. జుట్టు రాలింది, మళ్లీ వచ్చింది. ఆ ఆరు నెలల కథ వేరు. ఇక్కడ చెప్పదలచింది ఆపరేషన్ తర్వాతి సంగతి.

"ఈ వయసులో ఎందుకు?"

ఆపరేషన్‌కు ముందు డాక్టరుగారు అక్కను, బావను కూర్చోబెట్టి రెండు దారులు చెప్పారు. రొమ్ము తీసేసి కుట్లు వేసి పంపడం ఒకటి. తీసేసి, ఒంట్లోని ఇంకోచోటి కండతో మళ్లీ కట్టడం రెండోది. కట్టడం ఇప్పుడే కానక్కర లేదని, ఏడాది రెండేళ్లు పోయాక కూడా చేయించుకోవచ్చని కూడా చెప్పారు.

ఈ కబురు ఇంటికి వచ్చాక పెద్ద పంచాయితీ అయింది. నలభై నాలుగేళ్లు వచ్చాయి, ఇద్దరు పిల్లలు ఎదిగారు, ఇక దానితో పనేముంది అని మా పెదనాన్న కొడుకు అన్నాడు. ప్రాణం దక్కితే చాలదా అని అమ్మ. బావ ఏమీ అనలేదు, చుట్ట వెలిగించుకుని అరుగు మీదికి పోయాడు. అక్క మాత్రం ఒక్కటే మాట అంది. "అద్దంలో చూసుకునేది నేను గదా!"

ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. వద్దనుకునే ఆడవాళ్లూ ఉన్నారు, వాళ్ల కారణాలు వాళ్లవి. జాకెట్టు లోపల దూదితోనో గుడ్డతోనో కుట్టించుకున్న మెత్త పెట్టుకుని నిబ్బరంగా తిరిగేవాళ్లు ఉన్నారు. అయితే ఆ నిర్ణయం ఎవరి ఒంటి మీద కత్తి పడుతుందో వాళ్లది. పెదనాన్న కొడుకుది కాదు.

ఇంకో అనుమానం ప్లాస్టిక్ గురించి. దీన్ని చేసే వైద్యుణ్ణి ప్లాస్టిక్ సర్జన్ అంటారు. ఊళ్లో సగం మంది అక్క గుండె మీద ప్లాస్టిక్ పెట్టారనుకున్నారు. ఈ మాటకు బిందెల ప్లాస్టిక్‌తో సంబంధం లేదు. రూపు దిద్దడం అని గ్రీకు భాషలో దాని అర్థం. ఒంటి చర్మాన్ని ఒకచోట నుంచి తిప్పి ఇంకోచోట అతికే విద్య మనకు కొత్తదీ కాదు. తెగిన ముక్కును అలా కట్టే పద్ధతి సుశ్రుతుడి గ్రంథంలోనే ఉంది.

వీపు కండతో రొమ్ము భాగాన్ని పూడ్చే పద్ధతిని ఇటలీ వైద్యుడు తాన్సిని 1906 నాటికే రాసిపెట్టాడు. తర్వాత దాదాపు డెబ్బై ఏళ్లు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1970ల చివర మళ్లీ వాడుకలోకి వచ్చింది. పొట్ట కింది చర్మం, కొవ్వు, కండతో కట్టే పద్ధతిని అమెరికాలో హార్ట్రాంఫ్ అనే సర్జన్ 1982లో ప్రకటించాడు. సిలికాన్ తిత్తి పెట్టడం అంతకుముందే, 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మొదలైంది. తిత్తి పెడితే ఒంట్లో ఇంకోచోట కోత ఉండదు, త్వరగా లేచి తిరగవచ్చు. కాని అది జీవితాంతం ఉంటుందన్న పూచీ లేదు, ఎప్పటికైనా మార్చవలసి రావచ్చు. కరెంటు పెట్టవలసిన వాళ్లకు చుట్టూ గట్టిపడే బెడద ఎక్కువ. అక్కకు కరెంటు తప్పదని ముందే తెలుసు కనుక వీపు కండ ఎంచారు. మన వాళ్లు కరెంటు పెట్టడం అనేది రేడియేషన్‌నే.

గంటగంటకూ చూసేవారు

మొదటి రెండు రోజులు నర్సులు గంటకోసారి వచ్చి కొత్తగా కట్టిన చోట వేలితో నొక్కి చూసేవారు. వెచ్చగా ఉందా, రంగు మారిందా అని. వీపు కండను దాని రక్తనాళంతో సహా చంక కిందుగా ముందుకు తిప్పుతారు. ఆ నాళం మెలిపడినా మూసుకుపోయినా అతికిన కండ నల్లబడుతుంది. వెంటనే మళ్లీ థియేటరుకు తీసుకుపోవాలి. అక్కకు ఆ అవసరం రాలేదు.

ఇక్కడే బావ చుట్ట మానిపించారు. పొగలోని విషం సన్న రక్తనాళాలను ముడుచుకుపోయేట్టు చేస్తుంది, అతుకు నిలవదు. తాగేవాళ్లే కాదు, పక్కన కూర్చుని ఆ పొగ పీల్చేవాళ్లకూ మంచిది కాదు. అడ్డపొగ తాగే అలవాటున్న ఆడవాళ్లు మన వైపు ఇంకా ఉన్నారు. వాళ్లు ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకూడదు. చక్కెర జబ్బున్నా అంతే.

ఏడో రోజున ఇంటికి పంపారు. వీపు వైపు ఒక గొట్టం, దాని చివర బుడ్డి ఇంకా ఉన్నాయి. గాయం లోపల ఊరే నీరు అందులోకి దిగుతుంది. రోజూ పొద్దున్నే కొలిచి పుస్తకంలో రాయాలి. రోజుకు 30 మిల్లీలీటర్ల లోపుకు తగ్గితే గొట్టం తీస్తామన్నారు. బుడ్డి వేలాడితే కుట్టు లాగేస్తుంది. మా ఆవిడ పాత జాకెట్టు గుడ్డతో చిన్న సంచి కుట్టి, నడుముకు కట్టింది. పమిట కప్పితే ఎవరికీ కనబడేది కాదు. పదహారో రోజుకు గొట్టం వచ్చేసింది. తర్వాత కూడా వీపులో నీరు చేరి, చెయ్యి వేస్తే నీళ్ల తిత్తిలా ఊగేది. వీపు కండ తీసిన వాళ్లకు ఇది మామూలేనట. రెండుసార్లు సూదితో లాగేశారు.

బట్టల సంగతి మగవాళ్లకు తట్టదు. ఆపరేషన్ అయిన చెయ్యి పైకి లేవదు. నైటీ తల మీద నుంచి వేసుకోవాలి, అది కుదరదు. మన జాకెట్టుకు ముందు హుక్కులు ఉండటం ఎంత మేలో అప్పుడు తెలిసింది. చెయ్యి కొంచెం వదులు చేయించి, కింది పట్టీ తీయించి నాలుగు కుట్టించారు.

పథ్యం, కాపడం

అమ్మ పథ్యం మొదలుపెట్టింది. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, వంకాయ దురద, పెరుగు జలుబు. మిగిలింది చారన్నం. పది రోజుల్లో అక్క వెలవెలబోయింది. గొట్టం తీయించడానికి వెళ్లినప్పుడు డాక్టరుగారు ఇది విని తల పట్టుకున్నారు. కుట్లు మానాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, చేప, వేరుశనగ తినాలి. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. ఆ సాయంత్రం నుంచి ముద్దపప్పు వండారు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

పథ్యం వల్ల జరిగిన నష్టం చిన్నది. కాపడం వల్ల జరిగింది పెద్దది.

ఇరవయ్యో రోజు ప్రాంతంలో అక్కకు వీపు బిగదీసినట్టుంది, రాత్రి నిద్ర లేదు. అమ్మ పెనం మీద కళ్లుప్పు వేయించి గుడ్డలో మూట కట్టి కాపడం పెట్టింది. మనకు బాలింతకైనా ముసలివాళ్లకైనా అదే మందు. "వేడిగా ఉందా అమ్మా?" అని అడుగుతూనే పెట్టింది. "లేదమ్మా, హాయిగా ఉంది" అని అక్క. తెల్లారి చూస్తే కుట్టు పక్కన అరచేయంత మేర బొబ్బలెక్కింది.

ఆపరేషన్‌లో చర్మానికి స్పర్శ తెచ్చే నరాలు తెగుతాయి. కట్టిన రొమ్ము మీదా, వీపు కోత చుట్టూ స్పర్శ ఉండదు. కొంత నెమ్మదిగా తిరిగి రావచ్చు, పూర్తిగా రాదు. అక్కడ ఎంత కాలినా తెలియదు. వేడినీళ్ల సంచి, ఉప్పు మూట, కాల్చిన ఇటుక, ఆముదం ఆకు కట్టు ఏదీ దగ్గరకు రానివ్వకూడదు. చలికాలం నెగడు దగ్గర కూర్చున్నా జాగ్రత్తే. ఈ ముక్క ఇంటికి పంపేటప్పుడు మాకు ఎవరూ నోటితో చెప్పలేదు. చేతికిచ్చిన కాగితంలో ఇంగ్లీషులో ఉందట, తర్వాత చదివించుకుంటే తెలిసింది. నేను ఇంటర్ చదివినవాణ్ణి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నదీ నేనే. తప్పు అమ్మ ఒక్కదాని మీదికి నెట్టను.

చెయ్యి లేవకపోతే కరెంటు లేదు

బొబ్బల నొప్పి స్పర్శ ఉన్న అంచుల దగ్గర మొదలైంది. దాంతో అక్క చెయ్యి కదపడం మానేసింది. పన్నెండు రోజులు చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మేమూ "కదపకు, కుట్టు తెగుతుంది" అన్నాం.

నిజానికి చెయ్యి కదపడం ఆపరేషన్ మర్నాటి నుంచే మొదలుపెట్టించారు. పిడికిలి బిగించి వదలడం, మోచెయ్యి ముడిచి చాపడం, తల దువ్వుకోవడం. గొట్టం ఉన్నన్నాళ్లూ భుజం ఎత్తుకు మించి ఎత్తకూడదు. గొట్టం తీశాక మెల్లమెల్లగా పైకి తీసుకుపోవాలి. మానేస్తే భుజం బిగుసుకుపోతుంది. అదే జరిగింది.

ఆరో వారంలో కరెంటుకు కొలతలు తీయడానికి వెళ్లాం. బల్ల మీద పడుకోబెట్టి చెయ్యి తల మీదుగా వెనక్కి పెట్టమన్నారు. చెయ్యి అలా పైన ఉంటేనే కిరణాలు చంక పక్కకు, రొమ్ము మీదికి సరిగా పడతాయి. రోజూ పదీ పదిహేను నిమిషాలు కదలకుండా అలాగే ఉండాలి. అక్క చెయ్యి చెవి దాకా కూడా రాలేదు. పళ్లు బిగబట్టి ఎత్తబోయి కళ్లనీళ్లు పెట్టుకుంది. పది రోజుల్లో చెయ్యి తెచ్చుకోండి, ఎక్కువ ఆలస్యం మంచిది కాదు అని పంపేశారు.

తిరుగు బస్సులో ఎవరం మాట్లాడలేదు. దిగాక బావ అన్నాడు, "పది రోజులంటే పది రోజులే."

ఆస్పత్రిలో వ్యాయామం చెప్పే అమ్మాయి గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో సాలీడులా పైకి పాకించమంది. ఎంతవరకు పాకితే అక్కడ గీత గీయమంది. గోడ మీద బొగ్గు గీతలు అలా మొదలయ్యాయి. రోజుకు మూడు పూటలు, పూటకు పదిసార్లు. కొన్ని రోజులు గీత కిందికి దిగింది కూడా. ఆ రోజున మేనకోడలు గీయనంటే అక్కే గీయించింది.

రెండోది తాడు. తలుపు పైన కొక్కెం వేసి, తాడు మీదుగా పోనిచ్చి, మంచి చేత్తో కిందికి లాగితే జబ్బు చెయ్యి పైకి లేవాలి. కొక్కేనికి తాడు రాపిడి పడుతోందని బావ దొడ్లో నూతి గిలక విప్పుకొచ్చాడు. బోరు వేశాక ఆ నుయ్యి వాడటం లేదు. గిలకకు నూనె పోసి వసారా దూలానికి బిగించాడు. అక్క పీట మీద కూర్చుని లాగుతుంటే ఆ కిర్రు వీధి చివరికి వినబడేది. నొప్పి పుట్టే దాకా లాగాలి, తట్టుకోలేనంత కాదు.

పదో రోజుకు చెయ్యి చెవి దాటింది. పన్నెండో రోజున మళ్లీ వెళ్లాం. బల్ల మీద చెయ్యి వెనక్కి ఆనింది. అక్టోబరులో కరెంటు మొదలై 15 విడతల్లో మూడు వారాలకు అయిపోయింది. కొందరికి 25 విడతలు ఇస్తారు. కట్టిన చోట చర్మం నల్లబడింది, కొంచెం గట్టిపడింది. నలుపు నెలల మీద తగ్గింది, గట్టితనం కొంత ఉండిపోయింది.

ఎప్పటికి పనిలోకి?

ఊళ్లో అందరూ అడిగింది ఇదే. రెండెకరాల మిరప తోట మీద బతికే ఇల్లు. ఇంటిపనిలో చిన్నచిన్నవి, అంటే కూర తరగడం, బట్ట మడవడం లాంటివి రెండు మూడు వారాలకే చేసింది. నీళ్ల బిందె, బియ్యం బస్తా, కలుపు పార వంటివి మొదటి ఆరువారాలు ముట్టుకోనివ్వలేదు. బరువు పని మూడు నెలలు పోయాక, అదీ మెల్లగా అన్నారు. వీపు కండ పోతే చెయ్యి పడిపోతుందని భయపడ్డాం. మిగతా కండలు ఆ పని అందుకుంటాయి. తాడు కిందికి లాగడం, చేతులు ఆన్చి పైకి లేవడం వంటి వాటిలోనే కొంత లోటు తెలుస్తుంది. పొట్ట కండతో కట్టించుకున్న వాళ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. కొన్నాళ్లు ఒంగి నడవాలి, దగ్గినప్పుడు దిండు అదిమి పట్టుకోవాలి. బరువులెత్తితే బుడ్డ దిగే ప్రమాదం ఉంటుంది.

2024 ఫిబ్రవరిలో అక్క మిరప కోతకు వెళ్లింది. చేతికి తొడుగు వేసుకుని రోజుకు సగం పూట. టిక్కీలు ఎత్తడం బావ పని.

తొడుగు ఎందుకంటే, చంకలో బిళ్లలు తీసిన చేతిలో నీరు కిందికి దిగే దారి తగ్గిపోతుంది. ముల్లు గుచ్చుకున్నా, కొడవలి గీసినా, కాలినా ఆ చెయ్యి త్వరగా చీము పట్టి వాస్తుంది. ఆ ఏడు ఎండల్లో అక్క గాజులు బిగుసుకున్నాయి. ముంజేయి లావెక్కింది. "బోదకాలు లాంటిది, బోదచెయ్యి" అని ఊళ్లో పుకారు లేచింది. మన జిల్లాల్లో బోద తెలియనివారు లేరు కనుక అంటుకుంటుందని పక్కింటావిడ మంచినీళ్లు పట్టుకోవడం కూడా మానేసింది. బోదకాలు దోమ మోసే పురుగు వల్ల వస్తుంది. ఇది ఆపరేషన్, కరెంటు వల్ల నీరు నిలిచిన వాపు. ఎవరికీ అంటదు. చర్మానికి రోజూ కొబ్బరినూనె రాయడం, బిగుతు గుడ్డ కట్టు, తర్వాత బిగుతు తొడుగు వేసుకోవడం, చెయ్యి దిండు మీద ఎత్తి పెట్టడంతో వాపు తగ్గింది. పూర్తిగా పోలేదు. జ్వరంతో చెయ్యి ఎర్రబడితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా ఆస్పత్రికి రమ్మన్నారు.

రోజూ ఒక మాత్ర ఉంది. కనీసం 5 ఏళ్లు వేసుకోవాలి. బాగున్నాను గదా అని కొందరు ఏడాదికే మానేస్తున్నారట. కట్టిన రొమ్ములో పాల గ్రంథి ఉండదు. కాని మచ్చ వెంట, చంకలో కొత్త గడ్డ తగులుతుందేమో చూసుకోవాలి. రెండో రొమ్ముకు చెప్పిన ప్రకారం ఏటా పరీక్ష తప్పదు.

ఖర్చు సంగతి. ఆపరేషన్, కీమో, కరెంటు ప్రభుత్వ కార్డు మీదే జరిగాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఈ పథకం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ. కేన్సర్ తీసేయడం ఒక లెక్క, మళ్లీ కట్టడం ఇంకో లెక్క కావచ్చు. చేరకముందే ఆరోగ్యమిత్రను అడిగి, కార్డులో వస్తుందో రాదో, ఆ ఆస్పత్రిలో ప్లాస్టిక్ సర్జన్ ఉన్నారో లేదో తేల్చుకోవాలి. వైద్యానికి రైల్లో వెళ్లే కేన్సర్ రోగికి టిక్కెట్టు రాయితీ ఉంది, ఆస్పత్రి ఇచ్చే ఫారం కావాలి. మాకు చేతినుంచి పడ్డది బస్సు చార్జీలు, బిగుతు తొడుగులు, కూలికి మనిషిని పెట్టుకున్న డబ్బులు. తొడుగు కొన్ని నెలలకు సాగిపోతుంది, మళ్లీ కొనాలి. అది మాత్రం బరువే.

పోయిన నెలలో పక్క ఊరి నుంచి ఒకామె భర్తను వెంటబెట్టుకుని అక్క దగ్గరకు వచ్చింది. ఆమెకు ఆపరేషన్ తేదీ ఇచ్చారు. మగవాళ్లమందరం బయటికి వచ్చేశాం. అక్క తలుపు వేసి తన వీపు మచ్చ, కట్టిన రొమ్ము ఆమెకు చూపించిందట. అరగంట తర్వాత ఇద్దరూ మాట్లాడుకుంటూనే బయటికి వచ్చారు. ఉప్పు మూట కథ చెప్పుకుని నవ్వుతున్నారు. వాళ్లు బయలుదేరబోతుంటే అక్క బావను పిలిచి దూలానికి ఉన్న గిలక విప్పించింది. తాడుతో సహా గోనెసంచిలో వేసి ఆ భర్త చేతికిచ్చి, నూనె పోయడం మరిచిపోవద్దని చెప్పింది.